పాటే పాఠం, ఆటే అభ్యాసం

దక్షిణ కొరియాలో 2016 జూన్‌లో పింక్‌ఫాంగ్ బ్రాండు పేరుతో ఓ పిల్లల పాట యూట్యూబ్‌లోకి ఎక్కింది. ఆ 'బేబీ షార్క్' 2020 నవంబరుకల్లా యూట్యూబ్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన వీడియో అయింది. 2022 జనవరిలో వెయ్యి కోట్ల వ్యూస్ దాటిన తొలి వీడియో కూడా అదే. మన ఇళ్లలో అన్నం తినని పిల్లల ముందు మోగే ఈ ఇంగ్లీషు పాట, ఇంగ్లీషు మాతృభాష కాని దేశంలో తయారైంది. ఇందులో వింతేమీ లేదు. పిల్లలకు ఆటపాటలతో ఇంగ్లీషు నేర్పడం అక్కడ ఎన్నో ఏళ్లుగా బడిలోనూ బయటా సాగుతున్న పని.

కొరియా ప్రాథమిక పాఠశాలల్లో మూడో తరగతి నుంచి ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు అయింది 1997లో. విదేశీ టీచర్లను బడులకు రప్పించే 'ఎపిక్' అనే ప్రభుత్వ పథకం అంతకు రెండేళ్ల ముందే, 1995లో మొదలైంది. పీరియడ్ నలభై నిమిషాలు. మూడు, నాలుగు తరగతులకు వారానికి రెండు పీరియడ్లు, అయిదు, ఆరు తరగతులకు మూడు. గేటు దాటితే ఇంగ్లీషు వినిపించని ఊళ్లో ఈ కాస్త సమయంతో భాష పట్టుబడాలి. అందుకే పాఠ్యపుస్తకాల్లో పాట, లయబద్ధంగా పలికే చాంట్, ఆట పాఠంలో భాగంగానే ఉంటాయి.

నాలుకకు లయ నేర్పాలి

కొరియన్‌లో మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావు. అందుకే ఇంగ్లీషులో ఒక్క ఊపులో పలికే 'స్ట్రైక్' కొరియా పిల్లల నోట దాదాపు 'సు-తు-రా-ఇ-కు' అని అయిదు ముక్కలవుతుంది. బస్సు, కారు, రోడ్డు అంటూ చివర ఓ అచ్చు తగిలించే మనకు ఈ ఇబ్బంది కొంత తెలిసిందే. మనకు లేని చిక్కు వాళ్లకు మరొకటి ఉంది. ర, ల ధ్వనులు రెండింటికీ వాళ్ల లిపిలో ఒకటే అక్షరం. ఇంగ్లీషు 'ఎఫ్' ధ్వనికి అసలు అక్షరమే లేదు, 'పి' ధ్వనికి వాడే అక్షరంతోనే సరిపెట్టుకుంటారు.

వీటన్నిటికంటే పెద్ద తేడా నడకలో ఉంది. కొరియన్‌లో ప్రతి అక్షరానికీ దాదాపు సమానమైన కాలం దక్కుతుంది. ఇంగ్లీషులో ఊనిక ఉన్న మాటలు తాళం మీద పడతాయి, మిగిలినవి వాటి మధ్య నలిగిపోతాయి. 'బర్డ్స్ ఈట్ సీడ్స్' అని మూడు చప్పట్లకు చెప్పించండి. తర్వాత 'ద బర్డ్స్ విల్ ఈట్ ద సీడ్స్' అన్నదాన్ని కూడా అవే మూడు చప్పట్లలో ఇమడ్చమనండి. 'ద', 'విల్' వాటంతట అవే చిన్నబోతాయి. ఈ సంగతి బోర్డు మీద గంటసేపు వివరించినా మూడో తరగతి పిల్లాడికి ఎక్కదు, చప్పట్లతో రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. న్యూయార్క్‌లో విదేశీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పిన కరొలిన్ గ్రాహమ్ 1978లో 'జాజ్ చాంట్స్' అన్న పుస్తకం తెచ్చింది ఈ సూత్రం మీదే.

పాట నేర్పడానికీ ఓ వరస ఉంది. ముందు పిల్లలు నోరు మెదపకుండా విని, అభినయం మాత్రం చేస్తారు. తర్వాత ఊనిక మాటల దగ్గర చప్పట్లు కొడతారు. ఆపైన టీచరు పాడుతూ పాడుతూ ఓ మాట దగ్గర ఆగిపోతే, ఆ ఖాళీని క్లాసంతా పూరిస్తుంది. నాలుగో మెట్టులో మాట మారుతుంది. పాటలో యాపిల్ ఉన్నచోట ఒకరు పుచ్చకాయ పెడతారు, ఇంకొకరు కిమ్చీ పెడతారు. చివరికి బాణీ తీసేసి, అదే వాక్యాన్ని పక్కవాడిని ప్రశ్నగా అడగాలి. చాలామంది టీచర్లు మూడో మెట్టు దగ్గరే ఆగిపోతారు. పాట భాషగా మారేది ఆ తర్వాతి రెండు మెట్ల మీదే.

ఇంటి ఆటలే ఇంగ్లీషు ఆటలు

కొరియా టీచర్ల చేతిలో ఉన్న అసలు పెట్టుబడి పిల్లలకు ముందే వచ్చిన ఆటలు. నియమాలు కొత్తగా చెప్పక్కర్లేదు, మాట ఒక్కటే కొత్తది. 'కో కో కో' అని ముక్కు మీద వేలు పెట్టి తడుతూ, ఉన్నట్టుండి 'కన్ను' అనడం అక్కడి పసిపిల్లల ఆట. దాన్ని 'నోస్, నోస్, నోస్... ఇయర్' అని మారిస్తే చాలు. ఇక్కడ టీచరు 'ఇయర్' అంటూ తన మోచేతిని పట్టుకుంటుంది. చూసినదాన్ని అనుకరించినవాడు దొరికిపోతాడు, విన్నవాడు నెగ్గుతాడు. విన్నదాన్ని ముందు ఒంటితో చేసి చూపాలి, మాట్లాడటం తర్వాత వస్తుందన్న అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ పద్ధతి కూడా ఇదే.

'స్క్విడ్ గేమ్' సిరీస్‌తో 2021లో ప్రపంచానికి తెలిసిన 'ముగుంగ్హ్వా' ఆటలో, దొంగ వెనక్కి తిరిగేసరికి అందరూ బిగుసుకుపోవాలి. ఇంగ్లీషు క్లాసులో దొంగ 'స్విమ్' అనో 'స్లీప్' అనో అని తిరుగుతాడు. ఈదుతున్నట్టో నిద్రపోతున్నట్టో నిలబడనివాడు వెనక్కి వెళ్లాలి. వరసగా అంకెలు చెబుతూ 3, 6, 9 వచ్చినచోట నోరు మూసుకుని చప్పట్లు కొట్టే ఆట ఇంగ్లీషు అంకెలకు అతికినట్టు సరిపోతుంది.

అన్నిటిలోకీ గట్టి ఆట నత్త ఆట. ఆరుబయట గీసిన నత్త గుల్లలాంటి చుట్ట గీతకు రెండు కొసల నుంచి రెండు జట్లు పరుగెత్తే ఆట ఇది. క్లాసులో గీతకు బదులు నేల మీద బొమ్మల కార్డుల వరస పరుస్తారు. ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు ఒక్కో కార్డు పేరు ఇంగ్లీషులో చెబుతూ అడుగేస్తారు. ఎదురుపడ్డచోట 'కవి బవి బో' అని రాయి, కత్తెర, గుడ్డ వేస్తారు. ఓడినవాడు తప్పుకుంటే అతని జట్టులో తర్వాతివాడు మళ్లీ మొదటి కార్డు నుంచి బయల్దేరాలి. అయిదు నిమిషాల్లో ఒక్కో మాట పదుల సార్లు నోట పడుతుంది, చేసింది వల్లెవేతేనని పిల్లలకు తోచదు. ఇంకో మేలూ ఉంది. నెగ్గడంలో సగం అదృష్టానిది కనుక, ఇంగ్లీషులో వెనకబడ్డ పిల్ల కూడా క్లాసు ఫస్టును ఓడించగలదు.

ఆట ఎంచుకోవడంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: ఇంగ్లీషుతో పని లేకుండా నెగ్గే దారి అందులో ఉండకూడదు. ఉంటే పిల్లలు కొరియన్‌లోనే నెగ్గేస్తారు. తప్పు చెప్పినవాడిని ఆట నుంచి పూర్తిగా పంపెయ్యడమూ తప్పే, ఎందుకంటే అభ్యాసం ఎక్కువ అవసరమైనది వాడికే.

పరీక్షల నీడలో

ఈ ఆటపాటల పక్కనే మరో లోకం ఉంది. 2024లో కొరియా తల్లిదండ్రులు బడి పిల్లల ప్రైవేటు చదువులకు పెట్టిన ఖర్చు 29 లక్షల కోట్ల వన్‌లు దాటింది. సబ్జెక్టులవారీగా చూస్తే తలసరి ఖర్చు ఇంగ్లీషు మీదే ఎక్కువ. 'హగ్వన్' అనే ప్రైవేటు కోచింగ్ సెంటర్లలో పేరున్న కొన్ని, ఇంకా ఒకటో తరగతిలో చేరని పిల్లలకు కూడా ప్రవేశ పరీక్ష పెడుతూ వచ్చాయి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు బడి అయ్యాక అక్కడే చెప్పే ఇంగ్లీషు క్లాసులను ప్రభుత్వం 2018లో ఆపింది, తల్లిదండ్రుల నిరసనతో 2019లో మళ్లీ అనుమతించింది. తప్పు చేస్తే మార్కు పోతుందన్న భయం ఇంత తొందరగా అంటుకునే చోట, తప్పు చేసి నవ్వుకుని మళ్లీ ఆడగలిగే పది నిమిషాలు పిల్లలకు పెద్ద దన్ను.

అలాగని పాటే సర్వరోగ నివారిణి అనుకోకూడదు. ఆరో తరగతికి వచ్చేసరికి చేతులూపి పాడటం పిల్లలకు నామోషీ. చదవడం, రాయడం ఆటలతో మాత్రమే రావు. పన్నెండేళ్ల వాడికి సర్వే, నాటిక, పజిల్ ఇవ్వాలి.

2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, తగిన అర్హతలున్న భారతీయులకూ అక్కడి బడుల్లో ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులుగా చేరే వీలు కల్పించింది. వెళ్లాలనుకునే తెలుగు టీచర్లే కాదు, ఇక్కడ ఎల్‌కేజీకి రైమ్స్ చెప్పే టీచర్లూ ఈ పద్ధతిని పరిశీలించాలి. మన పిల్లలు చుట్టాల ముందు రైమ్ గడగడా అప్పజెబితే మురిసిపోతాం. ఈసారి అది అయ్యాక అందులో ఒక్క మాట మార్చి చెప్పమని అడగండి. చెప్పగలిగితే ఆ పాట నేర్పినట్టు, లేకపోతే బట్టీ పట్టించినట్టు.