వేంపల్లె బోరు నీళ్లకు ఆఫ్రికా చుట్టాలు

కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల బోరు నీళ్ల మీద ఫిర్యాదు లేని వంటిల్లు అరుదు. ఆ నీళ్లలో పప్పు ఓ పట్టాన ఉడకదు. సబ్బు నురగ రాదు. బిందెకూ గీజరుకూ తెల్లగా గార పడుతుంది. తాగడానికి ఇరవై లీటర్ల ఆర్వో క్యాన్లు కొనుక్కోక తప్పదు. ఇన్ని మాటలు పడ్డ ఈ నీళ్లలోనే రంగుతేలి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచే చేప ఒకటుంది. అది ఆఫ్రికా సిక్లిడ్. ఇంట్లో అక్వేరియం పెట్టాలనుకునే రాయలసీమవాళ్లు గోల్డ్‌ఫిష్ జోలికి పోయే ముందు దీని సంగతి తెలుసుకోవడం మంచిది.

నీళ్ల గుణమంతా కింద ఉన్న రాతిది. వేంపల్లె నేల కింద ఉన్నది డోలమైట్, అంటే కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లు కలిసిన సున్నపురాయి. గండి దగ్గర కొండను చీల్చుకుని దిగే పాపాఘ్ని నది పేరు ఒక రాతి వర్గానికీ, వేంపల్లె పేరు ఆ వర్గంలోని ఒక పొరకూ స్థిరపడ్డాయి. కడప, కర్నూలు రాతి పొరల మీద విలియం కింగ్ రాసిన గ్రంథాన్ని భారత భూగర్భ సర్వే 1872లోనే ప్రచురించింది. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున సూక్ష్మజీవులు పరుచుకున్న పొరల ఆనవాళ్లు స్ట్రొమటోలైట్ల రూపంలో ఈ రాళ్లలో నేటికీ కనిపిస్తాయి. వాన నీరు ఈ రాతి పగుళ్లలో ఇంకుతూ కార్బొనేట్లను కరిగించుకుని బోర్లలోకి చేరుతుంది.

ఇక చేపల పుట్టిల్లు. తూర్పు ఆఫ్రికాలో మలావి, టాంగన్యీకా, విక్టోరియా అని మూడు మహా సరస్సులున్నాయి. మలావి లోతు 700 మీటర్లు దాటుతుంది, టాంగన్యీకా లోతు దాదాపు 1,470 మీటర్లు. ఒక్క మలావిలోనే సిక్లిడ్ జాతులు 800కు పైగా ఉంటాయని అంచనా. వాటిలో దాదాపు అన్నీ ప్రపంచంలో మరెక్కడా సహజంగా దొరకనివే. మలావి నీటి పీహెచ్ 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది, టాంగన్యీకాలో 9 దాకా పోతుంది. ఈ కుటుంబం మనకు పూర్తిగా కొత్తదేం కాదు. కేరళ కరిమీన్ సిక్లిడే. 1952లో దేశంలో అడుగుపెట్టి చాలా చెరువులను ఆక్రమించిన ఆఫ్రికా తిలాపియా కూడా సిక్లిడే.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మలావి సరస్సులో సున్నం మన బోర్లలో ఉన్నంత ఉండదు. ఈ చేపలకు ముఖ్యమైంది పీహెచ్ ఎక్కువగా ఉండడం, అది రోజూ నిలకడగా ఉండడం. ఆ నిలకడను ఇచ్చేవి నీటిలోని కార్బొనేట్లు. చేపల వ్యర్థాలు కుళ్లేకొద్దీ తొట్టిలో ఆమ్లం పుడుతుంది, దాన్ని కార్బొనేట్లు ఎప్పటికప్పుడు విరిచేస్తాయి. డోలమైట్‌కు ఆమ్లాన్ని మింగే గుణం ఎంతుందో వేంపల్లె దగ్గరి తుమ్మలపల్లె చెబుతుంది. 2012లో మొదలైన అక్కడి యురేనియం శుద్ధి కర్మాగారంలో ఆమ్లం బదులు క్షార ద్రావణం వాడతారు. ఆమ్లం పోస్తే దాన్ని ముందు డోలమైట్ రాయే తాగేస్తుంది మరి.

అలాగని ప్రతి బోరు నీరూ పనికొస్తుందని కాదు. ముందు టీడీఎస్ మీటరుతో, పీహెచ్ చుక్కల మందుతో పరీక్షించాలి. టీడీఎస్ వెయ్యి దాటితే కొంత ఆర్వో నీరు కలిపి తగ్గించుకోవాలి. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి డ్రమ్ములో పట్టి, రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి, మర్నాడు వాడాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేందుకు సోడియం థయోసల్ఫేట్ పలుకులు వేయాలి.

తొట్టి విషయంలో పిసినారితనం పనికిరాదు. రాళ్ల మధ్య బతికే మలావి చేపలకు కనీసం నాలుగడుగుల పొడవు కావాలి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 255 లీటర్ల నీరు పడుతుంది. అద్దం, రాళ్లు, ఇసుక కలిస్తే బరువు 350 కిలోలు దాటుతుంది. చెక్క బల్లలు ఈ బరువుకు వంగిపోతాయి. ఇటుక దిమ్మెల మీద మందపాటి నాపబండ పరిస్తే తొట్టికి అంతకంటే గట్టి పీట దొరకదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే బండలకు కడప జిల్లాలో కరువు లేదు. బండకూ అద్దానికీ మధ్య అరంగుళం థర్మకోల్ షీటు వేస్తే ఎత్తుపల్లాల వల్ల అద్దం పగలదు.

ఆ బండల దుకాణంలో మిగిలే ముక్కలే లోపలి గుహలకూ పనికొస్తాయి. రాయి సున్నపుదో కాదో తెలియాలంటే దాని మీద నిమ్మరసమో వెనిగరో చుక్క వేసి చూడాలి. నాపరాయి బుడగలతో పొంగుతుంది. డోలమైట్ అంత తేలిగ్గా పొంగదు, గీకి పొడి చేసి దాని మీద వేస్తే బుడగలు కనిపిస్తాయి. రెండూ ఈ చేపలకు మంచివే. పాత గనుల దగ్గర పారేసిన రాళ్లను మాత్రం ఇంటికి తేకూడదు. పులివెందుల వైపు డోలమైట్‌లో ఆస్‌బెస్టాస్ కూడా ఉంటుంది.

పేర్చడంలో ఒక క్రమం ఉంది. ముందు రాళ్లు, తర్వాతే ఇసుక. సిక్లిడ్లు నోటితో ఇసుకను తోడి పోస్తూనే ఉంటాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి కింద గుంత పడితే అది దొర్లి అద్దం పగులుతుంది. అంచులు అరగదీసిన ముక్కలను తొట్టి అడుగున ఆనించి, సగం ఎత్తు దాకా సందులూ గుహలూ వచ్చేలా పేర్చాలి. ఆ తర్వాత బాగా కడిగిన ఏటి ఇసుక రెండంగుళాలు పోస్తే చాలు. మొక్కలు ఆశించనక్కర్లేదు. వేసినా చేపలు పీకి పారేస్తాయి.

నీళ్లు నింపగానే చేపలు వదలడం ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన తొందర. చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అవి ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. క్షార జలంలో ఈ లెక్క మరీ కఠినం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే. పీహెచ్ 8 అయితే అది ఐదు శాతం దాటుతుంది. 8.5 దగ్గర పదిహేను శాతానికి చేరుతుంది. అందుకే చిటికెడు మేత రోజూ వేస్తూ, వీలైతే పాత తొట్టి స్పాంజి ముక్క ఒకటి ఫిల్టరులో పెట్టి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాకే చేపల్ని తేవాలి.

చేపలకు పెద్ద మార్కెట్ చెన్నై కొళత్తూరు. అలంకార చేపల పెంపకానికి ఆ పేట పేరుపొందింది. రంగులన్నీ కలిపి ‘అసార్టెడ్’ పేరుతో అమ్మే పిల్లలు ఎక్కువగా సంకరాలు, పెద్దయ్యాక ఏ గుణం బయటపడుతుందో తెలియదు. జాతి పేరు అడిగి కొనడం మేలు. రాత్రంతా ప్రయాణించిన సంచి నీటిలో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. అందులో మన బోరు నీటిని గంటల తరబడి కొద్దికొద్దిగా కలిపితే పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా విషమవుతుంది. సంచిని తొట్టిలో తేల్చి, వేడి సమానం కాగానే చేపల్ని వలతో తీసి వదలాలి. సంచి నీళ్లు పారబోయాలి.

మొదటిసారి పెంచేవారికి ఎలక్ట్రిక్ ఎల్లో, కోబాల్ట్ జీబ్రా, రస్టీ అనుకూలం. చారల అందం చూసి ఆరాటస్‌ను తెచ్చుకుంటే అది మిగతావాటిని బతకనివ్వదు. ఈ చేపల సంఘంలో కొట్లాట సహజం. రెండు మూడు చేపలే ఉంటే బలమైనది బలహీనమైనదాన్ని తరిమి చంపుతుంది. పదిహేను, ఇరవై ఉంటే కోపం అందరి మీదా పంచుకుపోతుంది. ఒక మగకు మూడు నాలుగు ఆడ చేపలు ఉండాలి. ఇంత జనానికి ఫిల్టరు రెట్టింపు సామర్థ్యంతో పెట్టాలి, వారానికోసారి పాతిక నుంచి ముప్పై శాతం నీళ్లు మార్చాలి. చోటు చాలనివారు రెండడుగుల తొట్టిలో టాంగన్యీకా బుల్లి సిక్లిడ్లు పెట్టుకోవచ్చు. మల్టీలుగా పిలిచే ఆ చేపలు ఖాళీ గుల్లల్లో కాపురముంటాయి. కోస్తా వరి పొలాల్లో దొరికే నత్తగుల్లలను ఉడికించి కడిగి వేస్తే అవే వాటికి ఇళ్లు.

మేత దగ్గర చాలామంది ప్రేమతోనే ప్రాణం తీస్తారు. మలావి రాతి చేపలు రాళ్ల మీది నాచును గీకి తింటాయి, వాటి పేగులు పొడవు. ట్యూబిఫెక్స్ పురుగులు, మాంసం పెడితే పొట్ట ఉబ్బి చస్తాయి. స్పిరులినా గుళికలు, అప్పుడప్పుడు ఉడకబెట్టిన పాలకూర, అదీ రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి.

సీమ ఎండ అసలు పరీక్ష. ఈ చేపలకు 24 నుంచి 28 డిగ్రీలు సుఖం. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇమిడితే, 32 డిగ్రీల దగ్గర 7.3కు పడిపోతుంది. దీనికి చౌకైన మందు నీటి మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాను. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది, గాలి పొడిగా ఉండే కడప జిల్లాలో కోస్తాలో కంటే బాగా పనిచేస్తుంది. అయితే ఆవిరయ్యేది నీరే, సున్నం కాదు. తగ్గిన మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తే వేసవి ముగిసేసరికి టీడీఎస్ ఆకాశానికంటుతుంది. ఆవిరైన లోటును ఆర్వో నీటితో పూడ్చాలి, వారం వారం మార్చేటప్పుడే బోరు నీరు వాడాలి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు చేపలతో పాటు ఫిల్టరులోని బాక్టీరియానూ కాపాడుతుంది.

ఈ శ్రమకు ఫలం తొట్టి ముందు కూర్చున్నప్పుడు దక్కుతుంది. మలావి జాతుల్లో చాలావాటికి తల్లి నోరే గర్భం. మగ చేప అడుగు రెక్క మీద గుడ్ల లాంటి పసుపు చుక్కలుంటాయి. ఆడ చేప వాటినీ గుడ్లే అనుకుని నోట పట్టబోయినప్పుడు మగ చేప వీర్యం నోట్లోకి చేరి, అప్పటికే అక్కడున్న గుడ్లు ఫలదీకరిస్తాయి. ఈ కనికట్టును 1962లో వోల్ఫ్‌గాంగ్ విక్లర్ శాస్త్రలోకానికి వివరించాడు. ఆ తర్వాత మూడు వారాల పాటు తల్లి దాదాపు నిరాహారంగా, ఉబ్బిన దవడలతో తిరుగుతుంది. చివరికి నోరు తెరిస్తే పూర్తి రూపంతో పిల్లలు బయటికి ఈదుకొస్తాయి. లివింగ్‌స్టొనీ అనే ఇంకో జాతి చచ్చినట్టు ఇసుక మీద పక్కకు ఒరిగి, కొరకడానికి వచ్చిన చిన్న చేపను గుటుక్కున మింగుతుంది.

పిల్లలు పెరిగితే ఇది పెరటి ఆదాయం కూడా. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల ఖర్చు లెక్కగట్టి, అందులో 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సాయం నిర్ణయించారు. మెత్తటి నీటి ఊళ్లలో పెంపకందారులు సున్నపు లవణాలు కొని కలుపుకోవాల్సి వస్తే, వేంపల్లెలో ఆ ఖర్చు లేదు.

ఒక్క విన్నపం. తొట్టి మీద విసుగొచ్చినా, చేపలు ఎక్కువైనా వాటిని పాపాఘ్నిలోకో ఊరి చెరువులోకో వదలొద్దు. తిలాపియా చేసిన నష్టం చాలదన్నట్టు, అక్వేరియం వ్యాపారం ద్వారా దేశానికొచ్చిన సక్కర్ క్యాట్‌ఫిష్ ఇప్పటికే ఆంధ్ర చెరువుల్లో ఆక్వా రైతుల వలలు చింపుతోంది. సున్నపు నీటికి ఇంత బాగా అలవాటుపడే సిక్లిడ్లు కూడా ఇక్కడి నీళ్లలో పాతుకుపోగలవు. అక్కర్లేని చేపల్ని దుకాణానికి తిరిగివ్వండి, లేదా పెంచే మరొకరికి ఇవ్వండి.