గోర్కీ కౌమారానుభవములు - కథారూప పరిణామము

కౌమారమున కష్టములు పడినవాడు రచయిత యగుట సహజమను మాట సాహిత్యచరిత్రలలో తరచుగా వినవచ్చును. ఇది యెంతవరకు సమంజసమో పరిశీలించుటకు రష్యన్ రచయిత మాక్సిం గోర్కీ (1868-1936) జీవితము తగిన లక్ష్యము. ఆయన అసలు పేరు అలెక్సీ పెష్కోవ్. 1892లో తిఫ్లిస్ నగరపు పత్రికలో తొలికథ 'మకార్ చుద్రా' వెలువడినపుడు 'చేదు' అను నర్థముగల గోర్కీ నామమును స్వీకరించెను. కావున పై మాట ఆయనయెడ సత్యమనియే తోచును.

శైశవమున తండ్రియు, పదునొకండవ యేట తల్లియు గతింపగా, తాత యా బాలుని పొట్టకూటికై లోకముమీదికి పంపెను. చెప్పుల దుకాణము, వోల్గా నదిపై పొగయోడలోని వంటశాల, క్రైస్తవ పూజాపటములు లిఖించు కర్మశాల - ఇవియే ఆతని విద్యాలయములు. 1884లో విశ్వవిద్యాలయమున చేరు నాశతో కజాన్ నగరమునకు పోయి, అది నెరవేరక రొట్టెల బట్టీలో కూలివాడయ్యెను. 1887 డిసెంబరులో, పందొమ్మిదేండ్ల వయసున, తుపాకితో కాల్చుకొని మృత్యుముఖమునుండి బయటపడెను.

ఈ యనుభవములలో రెండు, బట్టీ జీవితమును ఆత్మహత్యాప్రయత్నమును, తరువాత కథలైనవి. వీనిని పోల్చి చూచుట అవసరమని మా యభిప్రాయము.

'ఇరువదియారుగురు పురుషులు, ఒక యువతి' (1899) అను కథలో నేలమాళిగయందు పనిచేయు కూలీలు ప్రతిదినము ఉదయమున రొట్టెలకై వచ్చు తాన్యా అను బాలికను దేవతవలె భావింతురు. అట్టివారే యొక డాంబికుని రెచ్చగొట్టి ఆమె శీలమును పరీక్షకు పెట్టి, ఆమె యోడిపోగా చుట్టుముట్టి దూషింతురు. కథ ప్రధానముగా 'మేము' అను పలుకుతో నడచును. బాధితులే బాధకులగుట యిందలి విశేషము. రచయిత తన కష్టమును చెప్పుకొనలేదు; కష్టపడువారి దోషమున తనకును పాలు పెట్టుకొనెను.

'మకార్ జీవితమున నొక ఘటన' (1912) ఆత్మహత్యాప్రయత్నమును వర్ణించునది. ఇది సఫలము కాలేదనియు, ఇందు ఆంతరిక సత్యము లోపించినదనియు గోర్కీయే 'నా విశ్వవిద్యాలయములు' (1923) అను నాత్మకథాభాగమున ఒప్పుకొనెను. అన్నిటికన్న తీవ్రమైన యనుభవము అన్నిటికన్న ఉత్తమమైన రచన కాలేదన్నమాట.

కాలవ్యవధి యిందుకు కారణమందుమా, బట్టీ కథకు సుమారు పదుమూడేండ్లు పట్టగా, రెండవదానికి ఇరువదియైదేండ్లు గడచినవి. వ్యవధి యధికమయ్యును ఫలము తక్కువ. భేదము వేరొకచోట నున్నది. మొదటి యనుభవమున ఇతరులున్నారు, రెండవదానియందు తానొక్కడే.

దీనికి మూలము పొగయోడలోనే కనబడుచున్నది. వంటవాడు స్మూరీ తన పెట్టెలోని పుస్తకములను ఆ బాలునిచే బిగ్గరగ చదివించుకొని వినెడివాడు. పఠనమనగా మరియొకనితో కలసి చేయు పని యని గోర్కీ యపుడే యెరిగెను. 'కొనొవాలొవ్' (1897) కథలోను కథకుడు తోటి రొట్టెలవానికి పుస్తకము చదివి వినిపించును.

తెలుగు కవుల జీవితములను పరిశోధించు విద్యార్థులు పేదరికము, అనాథత్వము, అవమానము అని కారణములను వరుసగా లెక్కించి తృప్తిపడరాదు. అవే కష్టములు పడి అక్షరము వ్రాయనివారు ఆ బట్టీలోనే పలువురుండిరి. కవి యెంత బాధపడెనను ప్రశ్నకన్న, ఆ బాధలో ఎవరెవరిని చూడగలిగెనను ప్రశ్నయే విమర్శకు ముఖ్యమని మేము తలంచుచున్నాము.