తల చోట తామర

అలంపురంలో చెప్పుకునే రేణుక కథ మిగతా చోట్ల ముగిసినట్టు ముగియదు. జమదగ్ని ఆశ్రమం ఇక్కడే, ఈ తుంగభద్ర గట్టునే ఉండేదంటారు. నీళ్లకు వెళ్లిన రేణుక, జలక్రీడలాడుతున్న చిత్రరథుణ్ణి చూసింది. మనసు క్షణం చెదిరింది. అది భర్త జమదగ్నికి తెలిసింది, ఆమెను చంపమని కొడుకులకు చెప్పాడు. పెద్దకొడుకులు తల్లి మీద చెయ్యెత్తలేమన్నారు, చిన్నవాడు పరశురాముడు గొడ్డలి ఎత్తాడు. తండ్రి మెచ్చి వరం కోరుకోమంటే తల్లిని బతికించమన్నాడు. ఇక ఆమె నిద్రలేచినట్టు లేవాలి, కథ కంచికి పోవాలి.

అలంపురం కథలో ఆమె లేవదు. తెగిన తల ఊరు అంటరానిదన్న వాడలో పడింది, అది మళ్లీ మొండానికి అతకదంటాడు జమదగ్ని. తల ఎల్లమ్మగా పూజలందుకుంటుంది. మొండెం భూదేవిగా, పిల్లలు లేని ఆడవాళ్లు కొలిచే దేవతగా మిగిలిపోతుంది. ఎంత అద్భుతకథైనా చివరికి చెదిరినదాన్ని చక్కబెడుతుంది. ఇది మాత్రం ఒక స్త్రీని రెండుగా ఉంచి, రెండింటికీ దణ్ణం పెట్టమంటుంది.

ఆ ముగింపును రాతిలో చూడాలి. ఈ ప్రాంతపు పాత శిల్పాల్లో వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు రెండు పక్కలకూ చాచిన ఒక స్త్రీమూర్తి ఉంది. పండితులు లజ్జాగౌరి అంటారు, ఊరివాళ్లకు ఆమె రేణుక. నిండైన రొమ్ములు, నడుముకు నగ, కాళ్లకు కడియాలు. మెడ దాకా ఒక తల్లి, మెడ పైన విచ్చిన తామర.

ఈ తామర నన్ను చాలాకాలంగా పట్టుకుంది. తెగిన చోటును పువ్వుతో కప్పారని ఒక మాట అనేయొచ్చు. కానీ కప్పడానికి అక్కడ గాయమేదీ? నెత్తురు లేదు, కోత గుర్తు లేదు. తల లేని మరో దేవత ఛిన్నమస్తను తలుచుకోండి. ఆమె మెడలోంచి నెత్తురు మూడు ధారలుగా చిమ్ముతుంది, తెగిన తల ఆమె చేతిలోనే ఉంటుంది. అక్కడ బీభత్సం తన సామగ్రి అంతటితో సిద్ధంగా ఉంది. అలంపురం మూర్తిలో బీభత్సానికి ఆలంబనే దొరకదు. కథ వింటున్నప్పుడు ఒళ్లు జలదరించినవాళ్లు కూడా మూర్తి ముందు నిలబడేసరికి విస్మయంలోకి జారిపోతారు. కాడ ఎక్కడ పూస్తుందో తామర అక్కడే పూసింది. ఆ ఒళ్లు నేల, మెడ కాడ. తల పోయిన చోట పువ్వు పెట్టారని కాక, ఆ ఒంట్లోంచే అది పూసిందని చూస్తే శిల్పమంతా ఒక్కసారిగా అర్థమవుతుంది.

అప్పుడు ఆ భంగిమ కూడా మాట్లాడుతుంది. అది పురిటి భంగిమ. ఋగ్వేదం పదో మండలంలోని 72వ సూక్తం ఈ భూమి ఉత్తానపాద నుంచి, అంటే కాళ్లు అలా చాచిన ఆమె నుంచి పుట్టిందని చెబుతుంది. అలంపురంలో కథ చెప్పేవాళ్లు ఆ సూక్తం చదివి మొండానికి భూదేవని పేరు పెట్టి ఉండరు. అయినా పేరు అదే వచ్చింది! శిక్ష పడిన ఒంటికి ఆ కథ భూమి పేరే ఇచ్చింది.

భారతంలోని అరణ్యపర్వం ఇదే కథను ఇంకోలా ముగిస్తుంది. పరశురాముడి వరాల్లో ఒకటి తల్లి బతకాలని, రెండోది తనను చంపిన సంగతి ఆమెకు గుర్తుండకూడదని. చాలా తెలివైన, దయగల కోరిక. ఇల్లు మళ్లీ ఇల్లవుతుంది. కానీ ఆ శాంతికి మూల్యం ఆమె జ్ఞాపకం. అలంపురం ఆ మూల్యం చెల్లించడానికి ఒప్పుకోలేదు. ఇక్కడ తల తల దగ్గర, ఒళ్లు ఒంటి దగ్గర ఉన్నంతకాలం జరిగింది జరగలేదని ఎవరూ అనలేరు. నా వరకు ఈ ముగింపే గొప్పది.

నది దాటితే నంద్యాల సీమ. 16వ శతాబ్దంలో పింగళి సూరన అక్కడి కృష్ణరాజుకు అంకితమిచ్చిన కళాపూర్ణోదయాన్ని చాలామంది తెలుగులో తొలి నవలతో సమానంగా చూస్తారు. అందులో బ్రహ్మ తమ ప్రణయాన్నే మారుపేర్ల కథగా చెబితే, సరస్వతి ఆ గుట్టు పట్టి పేరుపేరునా విప్పేస్తుంది. చిక్కు వేసినవాడే విప్పే దారీ చూపిన అపురూపమైన పుస్తకం అది. అలంపురం కథకు అలాంటి సరస్వతి లేదు. తామరకు అర్థం చెప్పే పాత్ర కథలో ఎవరూ లేరు, చూసేవాళ్లే చెప్పుకోవాలి.

చెప్పుకున్నారు కూడా. కృష్ణ వెంట కిందికి వెళితే నాగార్జునకొండలో ఇదే భంగిమలో ఇక్ష్వాకుల కాలపు మూర్తి ఒకటి దొరికింది. ఎహువల చాంతమూలుని రాణి ఖండువుల చేయించినది. శాసనంలో ఆమె తనను తాను ముత్తైదువగా, బతికున్న బిడ్డల తల్లిగా చెప్పుకుంది. ఆ మూర్తి పైసగం విరిగిపోయింది, నడుము కిందిదే మిగిలింది. కాలం కూడా అక్కడ గొడ్డలి పనే చేసింది, అయినా అడగాల్సిన వరం మిగిలిన సగంలోనే ఉంది.

అలంపురం అసలే ఇలాంటి ఊరు. సతీదేవి పైపళ్లు పడ్డ చోటని జోగులాంబ గుడిని అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటిగా కొలుస్తారు. బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాల నడుమ, ముక్కలైన ఇద్దరు స్త్రీలు ఒకే ఊరిలో నిలిచారు. ఖండితమైనదాన్ని పూర్ణమని మొక్కడం ఇక్కడి మట్టికి అలవాటు.

మరి తల? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఎల్లమ్మ పసుపు ముఖంతో, పెద్ద కళ్లతో కూర్చుంది. బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ ఆమె కథ పాడతారు. తల ఏ వాడలో పడటం మైలని కథ అన్నదో, ఆ వాడే ఆమెకు పుట్టిల్లయింది. కంటిచూపు వల్ల తెగిన తలకు చూపే మిగిలింది, తల్లితనం ఒంటికి మిగిలింది. ఇంత కచ్చితమైన పంపకం యాదృచ్ఛికంగా కుదిరిందని నేను నమ్మలేను. ఎవరో పేరులేని కథకురాలు (నాకెందుకో ఆడమనిషే అనిపిస్తుంది) బాగా ఆలోచించి చేసిన పంపకం ఇది.

ఇక పరశురాముడి వరం. అది నెరవేరిందనే కథ అంటుంది, తల్లి చావలేదు కదా! కానీ అతను తల్లిని తనకిమ్మని అడిగాడు. కథ ఆమెను అడిగినవాళ్లందరికీ ఇచ్చింది, అతనికి తప్ప.