ఫ్రాంకెన్‌స్టెయిన్ నవలకు ప్రొమీథియస్ పేరెందుకు?

ఫ్రాంకెన్‌స్టెయిన్ అనగానే మనకు గుర్తుకొచ్చేది చదరపు తల, మెడకు రెండు పక్కలా ఇనుప బోల్టులు ఉన్న భీకరాకారం. అది 1931 నాటి హాలీవుడ్ చిత్రం ఇచ్చిన బొమ్మ. మేరీ షెల్లీ రాసిన నవలలో ఆ ప్రాణికి అసలు పేరే లేదు; ఫ్రాంకెన్‌స్టెయిన్ అన్నది దాన్ని తయారుచేసిన విక్టర్ అనే విద్యార్థి ఇంటిపేరు. ఇది చాలామందికి తెలిసిన సంగతే. మనం అంతగా పట్టించుకోనిది నవలకున్న రెండో పేరు. 1818లో రచయిత పేరు లేకుండా లండన్‌లో వెలువడిన ఆ పుస్తకం ముఖపత్రం మీద ‘లేక ఆధునిక ప్రొమీథియస్’ అని కూడా ఉంది. శ్మశానాల నుంచీ, శవాలను కోసే గదుల నుంచీ ఏరి తెచ్చిన భాగాలకు ప్రాణం పోసే కథకు ఒక గ్రీకు పురాణపురుషుడి పేరు ఎందుకు?

ప్రొమీథియస్ గురించి ప్రాచీనులు ఒకే కథ చెప్పలేదు. గ్రీకు కవి హెసియడ్ కథలో అతడు అగ్నిచోరుడు. దేవతల రాజు జ్యూస్ దాచిపెట్టిన నిప్పును ఒక గుల్ల కాడలో దాచి తెచ్చి మనుషులకిచ్చాడు. అందుకు శిక్షగా అతణ్ణి కట్టిపడేస్తే, ఒక గద్ద రోజూ వచ్చి కాలేయాన్ని తినేది, రాత్రికి అది మళ్ళీ పెరిగేది. ఈస్కిలస్ పేరుతో మనకు దక్కిన నాటకంలో నిప్పుతో పాటు అంకెలు, అక్షరాలు, వైద్యం, ఓడలు కూడా మానవులకు అతడిచ్చినవే. రోమన్ కవి ఓవిడ్ దగ్గరకు వచ్చేసరికి మట్టిని నీటితో కలిపి మనిషిని మలచినవాడే అతడు. మేరీ షెల్లీ ఈ రెండు కథలనూ ఒకటి చేసింది. మట్టి స్థానంలో మృతదేహం, నిప్పు స్థానంలో ‘ప్రాణపు రవ్వ’.

ఆ రవ్వ గాలిలోంచి ఊడిపడలేదు. కప్ప కాళ్ళ కండరాలు విద్యుత్తు తగిలి ఎగిరిపడటం గురించి ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్వనీ 1791లో ప్రకటించాడు. ఆయన మేనల్లుడు అల్దీనీ 1803లో లండన్‌లో, ఉరితీసిన ఒక ఖైదీ శవం మీద అదే ప్రయోగం చేస్తే దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది. అంతకు చాలాముందే, 1750లలో, మెరుపు మీద పరిశోధన చేసిన ఫ్రాంక్లిన్‌ను తత్త్వవేత్త కాంట్ ఈ కాలపు ప్రొమీథియస్ అన్నాడు. 1816లో జెనీవా సరస్సు దగ్గర వేసవి వానల్లో చిక్కుకుని, బైరన్ సూచన మీద దెయ్యాల కథ రాయడానికి కూర్చున్నప్పుడు మేరీ వయసు 18 ఏళ్ళు. అప్పటిదాకా గోథిక్ నవల అంటే పాడుబడ్డ కోట, శాపం, నేలమాళిగ. ఆమె కోట ఉండవలసిన చోట ప్రయోగశాలను పెట్టింది. దీన్నే మొదటి సైన్స్ ఫిక్షన్ నవల అనాలని బ్రయన్ ఆల్డిస్ 1973లో వాదించడానికి కారణం ఇదే. (సైన్సు వివరాలు మాత్రం ఇందులో బహు తక్కువ. పిడుగును పట్టే యంత్రాలన్నీ సినిమావాళ్ళ చలవే.)

ఇక అసలు విషయం. ‘సైన్సు హద్దు మీరితే ఇంతే’ అన్నదే ఈ నవల నీతి అని తరచు వింటుంటాం. జన్యుమార్పిడి ఆహారాన్ని ఎగతాళి చేస్తూ 1992లో ‘ఫ్రాంకెన్‌ఫుడ్’ అన్న మాట పుట్టింది కూడా ఈ అర్థంలోనే. కానీ పురాణాన్ని నవల పక్కన పెట్టి చూడండి. ప్రొమీథియస్ తాను ఆదుకున్న మనుషుల కోసం గద్ద ముక్కుకు బలయ్యాడే గాని వాళ్ళను వదల్లేదు. విక్టర్ చేసిందేమిటి? ఆ ప్రాణి కన్ను తెరిచిన మరుక్షణం అసహ్యంతో గదిలోంచి పారిపోయాడు. అడవిలో చలికి వణుకుతూ తిరిగిన ఆ ప్రాణి, ఎవరో బిచ్చగాళ్ళు వదిలిపోయిన నిప్పును చూసి సంతోషంతో అందులో చెయ్యి పెట్టి కాల్చుకుంటుంది. నిప్పు తెచ్చి ఇవ్వవలసినవాడు లేడు గనుక తానే నేర్చుకోవలసి వచ్చింది. రెండో పేరులోని వ్యంగ్యం నాకు ఇక్కడే కనిపిస్తుంది. విక్టర్ తప్పు తయారు చేయడం కన్నా వదిలేయడంలోనే ఎక్కువ ఉంది.

దీనికి అభ్యంతరం లేకపోలేదు. జ్ఞానతృష్ణ ప్రమాదకరమని విక్టరే ఓడ నాయకుడు వాల్టన్‌ను హెచ్చరిస్తాడు. అయితే అది ముద్దాయి ఇచ్చుకునే సంజాయిషీ. దాన్నే తీర్పుగా తీసుకోలేం. చిక్కల్లా 1831లో రచయిత్రి స్వయంగా దిద్దిన కూర్పుతో వస్తుంది. దాని పీఠికలో, సృష్టికర్త పనిని మనిషి అనుకరించబోవడమే ఘోరమన్న ధోరణిలో ఆమే రాసింది. కథలో కూడా విధి ప్రస్తావన పెంచింది. దాంతో విక్టర్ బాధ్యత కొంత పలచబడింది. నా దృష్టిలో మొదటి కూర్పే బలమైనది.

తర్వాతి సైన్స్ ఫిక్షన్‌లో ఈ ప్రశ్నకు బాగా తెలిసిన జవాబు ఐజాక్ అసిమోవ్‌ది. సృష్టించినవాణ్ణే చంపే రోబో కథలతో విసిగి, 1942లో ఆయన తన మూడు రోబో సూత్రాలను కథలో పెట్టాడు. తెలివైన పనే. కానీ గమనించండి, ఆ మూడూ రోబో పాటించవలసినవే. తయారుచేసినవాడు పాటించవలసినది వాటిలో ఒక్కటీ లేదు!

చదవదలచిన విద్యార్థులు 1818 పాఠం ఉన్న ముద్రణ వెతుక్కోవడం మంచిది. మొదట్లో వాల్టన్ ఉత్తరాలు కాస్త విసుగనిపించవచ్చు. నడిమి సంపుటంలో ఆ ప్రాణి తన కథ తాను చెప్పుకునే అధ్యాయాలు వచ్చేదాకా ఓపిక పట్టండి. నిప్పు సంగతి వచ్చేది అక్కడే.