నెమ్మదిగా పరిగెత్తడం నేర్పిన బడి

1997 ఆగస్టు నుంచి ఇప్పటిదాకా పురుషుల 800 మీటర్ల ప్రపంచ రికార్డు ఇద్దరి పేర్ల మీదే ఉంటూ వస్తోంది. మొదటివాడు విల్సన్ కిప్‌కెటర్. డెన్మార్క్ తరఫున పరిగెత్తినా పుట్టి పెరిగింది కెన్యాలో. రెండోవాడు డేవిడ్ రుడిషా. ఇద్దరికీ చిన్ననాట దారి చూపించింది ఒక్కరే. ఆయన ఐర్లాండు నుంచి వచ్చిన క్యాథలిక్ బ్రదర్, భూగోళం చెప్పే మాస్టారు, పేరు కోలమ్ ఓకానెల్. ఆయన పనిచేసింది ఇటెన్ అనే ఊళ్లోని సెయింట్ పాట్రిక్స్ హైస్కూల్లో.

ఇటెన్ ఊరు రిఫ్ట్ లోయ అంచున, సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే మన ఊటీ కన్నా కాస్త ఎత్తు. కింద కెరియో లోయ, పైన ఎర్రమట్టి బాటలు. పాట్రీషియన్ బ్రదర్స్ 1960ల మొదట్లో ఇక్కడ మగపిల్లలకు హాస్టలు బడి పెట్టారు. 1808లో ఐర్లాండులో పుట్టిన క్యాథలిక్ సంఘం అది, కోలమ్ దాని సభ్యుడే. చెన్నై అడయారులో ఉన్న సెయింట్ పాట్రిక్స్ కూడా వాళ్లు నడిపే బడే. బ్రదర్ కోలమ్ రాకముందే ఇటెన్ బడికి పరుగులో పేరుంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ 800 మీటర్లలో కాంస్యం తెచ్చిన మైక్ బోయిట్ ఇక్కడి విద్యార్థే.

కోలమ్ 1976లో వచ్చారు. అప్పుడు పిల్లలకు పరుగు నేర్పుతున్నది పీటర్ ఫోస్టర్ అనే ఇంగ్లిష్ యువకుడు. అదే ఏడు ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల కాంస్యం గెలిచిన బ్రెండన్ ఫోస్టర్‌కు సోదరుడు. కొద్ది నెలల్లో ఆయన వెళ్లిపోతూ ఆ బాధ్యత కోలమ్‌కు అప్పగించారు. కోలమ్ ఎన్నడూ పందెంలో పరిగెత్తలేదు, శిక్షణ ఇవ్వడం అసలే తెలియదు. తెలియనివాడు చేయగలిగింది ఒక్కటే, చూడటం. పిల్లలు ఎలా అడుగేస్తున్నారు, భుజం ఎక్కడ బిగుస్తోంది, అలిసినప్పుడు తల ఎటు వాలుతోంది అని గమనించడం. తనకు కోచింగ్ నేర్పింది ఆ పిల్లలేనని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పారు. ఇది వినయం కోసం చెప్పిన మాటలా వినిపిస్తుంది గానీ, ఆయన పద్ధతంతా అందులోనే ఉంది.

ఆ పద్ధతిలో కొత్తవాళ్లను ముందుగా ఆశ్చర్యపరిచేది నిదానం. ప్రపంచ చాంపియన్లయినా సరే, పొద్దున్నే గుంపుగా మొదలుపెట్టే పరుగు దాదాపు నడకలా ఉంటుంది. ఆ తర్వాత చాలాసేపు కసరత్తులు. మోకాలు ఎత్తడం, చీలమండ కదలిక, చేతులు ఊగే తీరు, నడుము నిలకడ. వేగం కన్నా ముందు లయ, లయ కన్నా ముందు ఒంటి పొందిక. పదిహేనేళ్ల పిల్లవాడి చేత మైళ్లకు మైళ్లు తొక్కించడం, పోటీ మీద పోటీకి పంపడం ఆయనకు గిట్టదు. ఈ వయసులో పతకం కోసం పిండితే పాతికేళ్లకు పిప్పి మిగులుతుంది. తొమ్మిదో తరగతిలోనే ర్యాంకు లెక్కలు మొదలుపెట్టి ఆటల పీరియడును మింగేసే మన హాస్టళ్లకు ఈ మాట చేదుగానే ఉంటుంది.

రుడిషా కథలో ఈ ఓపిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అతను సెయింట్ పాట్రిక్స్ విద్యార్థి కాడు. మసాయి తెగ కుర్రాడు, తండ్రి 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో రిలే రజతం గెలిచినవాడు. ఇటెన్‌లోనే మరో బడిలో చేరి బ్రదర్ దగ్గరికి వచ్చాడు. 400 మీటర్ల వాడినని అనుకునేవాడు. ఆయన 800 వైపు తిప్పారు. 2006లో ప్రపంచ జూనియర్ చాంపియన్ అయ్యాడు. 2008లో గాయంతో ఒలింపిక్స్ పోయాయి. 2009 ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్లోనే ఆగిపోయాడు. వేరేచోటైతే కోచ్ మారిపోయేవాడు. ఇక్కడ అవే కసరత్తులు, అదే మట్టి బాట. 2010 ఆగస్టులో వారం వ్యవధిలో రెండుసార్లు ప్రపంచ రికార్డు. 2012 లండన్ ఫైనల్లో వేగం కుదిర్చి పెట్టే పేస్‌మేకర్ ఎవరూ లేకుండా మొదటి నుంచీ ముందుండి, తొలి చుట్టు 49.28 సెకన్లలో ముగించి, మొత్తం 1 నిమిషం 40.91 సెకన్లలో గీత దాటాడు. ఆ రోజు ఎనిమిదో స్థానంలో వచ్చినవాడి సమయం 2008 ఒలింపిక్స్‌లో అయితే బంగారు పతకం తెచ్చేది. వీడియో చూస్తే రెండో చుట్టులో కూడా రుడిషా తల కదలదు, భుజాలు లేవవు. కసరత్తుల ఫలం అది.

సెయింట్ పాట్రిక్స్ నుంచి వచ్చిన మిగతా పేర్లు గబగబా చెప్పేయవచ్చు. ఇబ్రహీం హుస్సేన్ బోస్టన్ మారథాన్‌ను మూడుసార్లు గెలిచాడు, ఆ పందెం నెగ్గిన తొలి ఆఫ్రికన్. పీటర్ రోనో 1988 సియోల్‌లో 1,500 మీటర్ల స్వర్ణం కొట్టాడు. మాథ్యూ బిరిర్ 1992 బార్సిలోనాలో స్టీపుల్‌చేజ్ గెలిచాడు. హుస్సేన్, రోనో ఇద్దరూ అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివారు. ఆ ప్రాంతపు కాలెంజిన్ తెగ కుటుంబాలకు పరుగంటే చదువుకు దారి అని ఆ తరమే చూపించింది. గెలిచి వచ్చినవాళ్లు బడి ఆవరణలో తలా ఒక మొక్క నాటడం ఆనవాయితీ. చెట్టుకు పేరు పలక ఉంటుంది.

ఎత్తైన నేల, పలచని గాలి, జన్యువులు అని వివరణలు చాలా ఉన్నాయి. వాటిని కాదనలేం. కానీ అంత ఎత్తులో కెన్యాలోనూ ఇథియోపియాలోనూ ఇంకెన్నో ఊళ్లున్నాయి. ఇటెన్‌కు అదనంగా దొరికింది ఒకే చోట దశాబ్దాలు కదలకుండా ఉన్న గురువు. పైగా ఆయన బడి గేటు దగ్గర ఆగిపోలేదు. 1989లో సెలవుల్లో యువ శిక్షణ శిబిరాలు మొదలుపెట్టి ఆడపిల్లలనూ చేర్చుకున్నారు. హాస్టలు బడి క్రమశిక్షణ మగపిల్లలకు ఇచ్చినదాన్ని వాళ్లకు ఈ శిబిరాలు ఇచ్చాయి. వంట, నీళ్లు, తోబుట్టువుల బాధ్యత లేని కొన్ని వారాలు. నా లెక్కలో రికార్డుల కన్నా ఇదే పెద్ద పని.

ఊరు మాత్రం ఇప్పుడు వేరే. విదేశీ క్రీడాకారులకు హోటళ్లు, ఏజెంట్లు, షూ కంపెనీల డబ్బు, వాటి వెంటే డోపింగ్ కేసులు వచ్చాయి. 2021 అక్టోబరులో, మహిళలు మాత్రమే పాల్గొనే 10 కిలోమీటర్ల రోడ్డు పరుగులో ప్రపంచ రికార్డు నెలకొల్పిన కొద్ది వారాలకే, ఆగ్నెస్ టిరాప్ ఇటెన్‌లోని తన ఇంట్లో హత్యకు గురైంది. పరుగు నేర్పినంత సులువుగా, చేతికొచ్చిన డబ్బు నుంచీ దానికి ఆశపడే మనుషుల నుంచీ పిల్లల్ని కాపాడటం ఏ బడికీ చేతకావడం లేదు.

2007లో 800 మీటర్ల ప్రపంచ చాంపియన్ అయిన జానెత్ జెప్కోస్‌గెయ్ కూడా బ్రదర్ కోలమ్ శిష్యురాలే. పరుగు మానేశాక ఆమె పిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. ఆమె చేరదీసిన కుర్రాళ్లలో ఇమ్మాన్యుయెల్ వాన్యోన్యి ఒకడు. 2024 పారిస్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచి, పన్నెండు రోజుల తర్వాత లోజాన్‌లో 1 నిమిషం 41.11 సెకన్లలో పరిగెత్తాడు. 1997లో కిప్‌కెటర్ పెట్టిన సమయం సరిగ్గా అదే. రుడిషా రికార్డుకు ఇంకా 0.20 సెకన్లు మిగిలి ఉంది.