మచ్చ మీద మునివేళ్లు

1979 సంక్రాంతికి అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో అరిసెలు వండుతున్నారు. నాకు తొమ్మిదేళ్లు. చలిమిడి ఉండలు చేసి అందించడం నా పని. పెద్దవాళ్లు అటు తిరిగినప్పుడు నేనే ఒక అరిసె వత్తి, చెయ్యి దగ్గరికి పెట్టడానికి భయమేసి, పైనుంచి మూకుట్లోకి వదిలాను. కాగే నూనె చిమ్మి ఎడమ మోచేతి మడతలో పడింది.

తర్వాత మన ఇళ్లలో జరిగేదే జరిగింది. ఒకరు సిరా పోశారు. ఒకరు దోసెల పిండి పట్టించమన్నారు. అమ్మమ్మ కొబ్బరినూనె రాసింది. మూడూ తప్పే. కాలిన వెంటనే చేయాల్సింది ఒక్కటే, ఇరవై నిమిషాలపాటు ఆ చోట చల్లటి నీళ్లు ధారగా పడనివ్వడం. అప్పుడే కాలిన చర్మం మీద నూనె రాస్తే లోపలి వేడి బయటికి పోదు, దుమ్మూ ధూళీ అంటుకుంటాయి. నా బొబ్బలు చితికి, చీము పట్టి, పుండు మానేసరికి నెల దాటింది.

అమ్మమ్మను తప్పు పట్టాలని ఇది రాయడం లేదు. మొదటి రోజు పొరపాటు చేసిన ఆ చెయ్యే, పక్కు ఊడిపోయాక ఏడెనిమిది నెలలు మానకుండా చేసిన పని ఒకటుంది. దాని గురించి రాయాలని.

ముదురు కొబ్బరికాయలు కోరి, రోట్లో రుబ్బి, గుడ్డలో వేసి పాలు పిండేది. ఆ పాలను సన్నటి సెగ మీద పెట్టి నీరంతా ఇగిరిపోయేదాకా కలుపుతూ కూర్చునేది. చివరికి అడుగున గోధుమరంగు గసి, పైన తేరిన నూనె మిగిలేవి. గసిలో పంచదార కలిపి నా చేతిలో పెట్టేది. నూనెను సీసాలో పోసి, అందులో కాస్త వంటాముదం కలిపేది. వంటాముదం అంటే గానుగలో ఆడించింది కాదు. ఆముదం గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెడితే పైకి తేలేదాన్ని తోడి, తేమ పోయేలా మళ్లీ కాచినది. ఒట్టి ఆముదం జిగట వల్ల వేలు సాగదు, ఒట్టి కొబ్బరినూనె తొందరగా ఇంకిపోతుంది. రెండూ కలిస్తే మర్దనకు సరిగ్గా ఉంటుందని ఆమె లెక్క.

రోజూ దీపాలు పెట్టాక నన్ను మెట్టు మీద కూర్చోబెట్టేది. మునివేళ్లతో మచ్చ మీద నొక్కి, గుండ్రంగా తిప్పి, నిలువుగా, అడ్డంగా చర్మాన్ని కదిపేది. ఆఖర్న ముంజేయి పట్టుకుని మెల్లగా చాపేది. నొప్పికి నేను ఏడిస్తే ఆగేది, మానేది మాత్రం కాదు. మడత దగ్గర కాలిన చర్మం మానేటప్పుడు లోపలికి ముడుచుకుపోతుంది. పట్టించుకోకపోతే మోచెయ్యి పూర్తిగా చాచుకోకుండా బిగిసిపోతుంది. ఈ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

గాయమైనప్పుడు శరీరం ముందు అతుకు వేస్తుంది, అందం తర్వాత చూసుకుంటుంది. మామూలు చర్మంలో కొల్లాజెన్ పోగులు బుట్ట అల్లినట్టు అన్ని వైపులకూ అల్లుకుని ఉంటాయి. మచ్చలో అవి ఒకే వైపుకు, ఒత్తుగా పేరుకుంటాయి. ఆ అతుకును శరీరం ఏడాదిపాటు, కొన్నిసార్లు అంతకు మించి, విప్పుతూ మళ్లీ అల్లుతూనే ఉంటుంది. ఎంత అల్లినా మచ్చ బలం మొదటి చర్మంలో ఎనభై శాతం దాటదు. మచ్చ ఇంకా ఎర్రగా, గట్టిగా ఉన్న ఆ కాలంలోనే మర్దనకు ఎక్కువ ఫలితం ఉంటుంది. నలభై ఏళ్ల నాటి మచ్చకు ఏ నూనె రాసినా కాసేపు నిగనిగలాడుతుంది, అంతే.

ఇదంతా నాకు తెలిసింది మూడేళ్ల కిందట హైదరాబాదులో పొట్టకు ఆపరేషన్ అయ్యాక. కుట్లు విప్పి, గాటు పూర్తిగా మూసుకున్నాక ఫిజియోథెరపిస్టు వచ్చి రోజుకు రెండు మూడుసార్లు, పది నిమిషాలపాటు మర్దన చేసుకోమంది. నొక్కినచోట రంగు పాలిపోయేంత బరువు పెట్టాలని చెప్పి, నా వేలు పట్టుకుని తిప్పి చూపించింది. అచ్చంగా అమ్మమ్మ తిప్పినట్టే.

“ఏ నూనె వాడాలమ్మా?” అన్నాను.

“మీ ఇంట్లో ఏది పడితే అది వాడండి మేడమ్. వేలు ఒరుసుకోకుండా ఉంటే చాలు” అంది.

ఆ మాట నాకు చాలలేదు. ఇ విటమిన్ కలిపిన ఒక నూనె సీసా పెద్ద ధర పెట్టి కొన్నాను. పదో రోజుకు గాటు చుట్టూ దద్దుర్లు లేచాయి. తర్వాత చదివితే తెలిసింది, మయామీ వైద్యులు 1999లో ప్రచురించిన పరీక్షలో పదిహేను మంది ఆపరేషన్ మచ్చల మీద సగానికి ఇ విటమిన్ రాశారని, నూటికి తొంభై వంతుల మచ్చలకు మేలు జరగకపోగా కొన్ని ఇంకా వికారమయ్యాయని, మూడోవంతు మందికి దద్దుర్లు వచ్చాయని. చిన్న పరీక్షే. అయినా సీసా పారేసి కొబ్బరినూనెకు వచ్చేశాను.

మరి నూనె ఊరికేనా? కాదు. చర్మం లోపలి తడి ఆవిరైపోకుండా పైన పొరలా ఆపుతుంది. వైద్యులు మచ్చలకు ఎక్కువగా నమ్మే సిలికాన్ జెల్ కూడా ప్రధానంగా ఆ తడిని నిలిపే పనే చేస్తుంది, నూనెకన్నా గట్టిగా. తడి నిలిస్తే దురద, బిగువు తగ్గుతాయి. నా అనుభవంలో మర్దనతో ముందు పోయింది దురదే. రంగు మార్పు అన్నిటికన్నా ఆలస్యంగా, అన్నిటికన్నా తక్కువగా వచ్చింది.

రంగు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. తెలుగులో రెండు వేర్వేరు వాటిని మనం మచ్చ అనే అంటాం. దోమ కుట్టినచోట, మొటిమ పోయినచోట, సెగగడ్డ మానినచోట మిగిలే నల్లటి మరక ఒకటి. అక్కడ చర్మం నునుపుగానే ఉంటుంది, రంగు మాత్రం పేరుకుని ఉంటుంది. ఎండ తగలకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో చాలావరకు అదే పోతుంది. ఆ నెలల్లో ఏ నూనె రాసినా పుణ్యం నూనె ఖాతాలో పడుతుంది. రెండోది చర్మం తెగి, కాలి, అతుకు పడ్డ అసలు మచ్చ. ఆటలమ్మ గుంటలను ఏ నూనే పూడ్చలేదు. గర్భిణుల పొట్ట మీది చారలకు ఆలివ్ నూనె, కోకో బటర్ రాసి పరీక్షించారు, చారలు రాకుండా అవి ఆపలేకపోయాయి.

మన పూర్వులు ఈ తేడాలను పట్టించుకున్నారు. సుశ్రుత సంహితలో వ్రణానికి చెప్పిన ఏడు ఉపక్రమాల్లో, అంటే చికిత్సా పద్ధతుల్లో, చివరిది వైకృతాపహం. పుండు మానినంత మాత్రాన వైద్యుడి పని తీరదు, చర్మానికి వెనకటి రూపు తేవడం కూడా అందులో భాగమే అని దాని అర్థం. అవే ఉపక్రమాలను అరవైగా విడదీసిన చోట తెల్లబడిన మచ్చకు కృష్ణకర్మ, నల్లబడినదానికి పాండుకర్మ, మచ్చ మీద వెంట్రుకలు మొలవడానికి రోమసంజననం అని వేర్వేరుగా ఉన్నాయి. చదివినప్పుడు ఆ శ్రద్ధకు నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. అయితే కృష్ణకర్మకు చెప్పిన ద్రవ్యం నల్లజీడి గింజల నూనె. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి రజకులు వాడిన జీడి అదే. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. గ్రంథంలో ఉంది కదా అని ఇంట్లో చేసుకునేది కాదు.

మొక్క నుంచి వచ్చిందంటే మెత్తనిదని అర్థం కాదు. నిమ్మరసం, నిమ్మతొక్క నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి కొత్త మచ్చలు పడతాయి. టీ ట్రీ లాంటి ఘాటు తైలాలను పలచన చేయకుండా పూయకూడదు. వేపనూనె మింగి పసిపిల్లలు ప్రాణం మీదికి తెచ్చుకున్న సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి, సీసా పిల్లలకు అందనివ్వకండి. కొబ్బరినూనె, నువ్వులనూనె, కాస్త ఆముదం చాలామందికి పడతాయి. కొత్తగా ఏది వాడినా ముందు చేతి లోపలివైపు ఒక చుక్క రాసి, రెండు రోజులు చూడండి.

పక్కు పూర్తిగా ఊడి, తడి ఆరి, కుట్లు తీశాకే వేలు పెట్టాలి. చెవి కుట్టించుకున్నచోటో, టీకా వేసినచోటో గాయం హద్దు దాటి గడ్డలా పెరిగే తత్వం మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, అది కీలాయిడ్. రుద్దుతూ కూర్చోకుండా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. కాలిన మచ్చ కీలు మీద ఉంటే కూడా అంతే, ఒక్క వారం కూడా వాయిదా వేయకండి.

నా మోచేతి మడతలో మచ్చ ఇప్పటికీ ఉంది. రూపాయి బిళ్లంత, చుట్టూ ఉన్న చర్మం కన్నా కాస్త తెల్లగా. చెయ్యి మాత్రం పూర్తిగా చాచుకుంటుంది.