గురువారం ఇరుసుగా

మన గోడ క్యాలెండర్లలో వారం సాధారణంగా ఆదివారంతో మొదలవుతుంది. యూరప్ క్లయింట్లతో పనిచేసే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్లు మాత్రం తేదీ బదులు ‘వీక్ 14’ అనడం వింటుంటారు. ఆ లెక్కలో వారానికి మొదలు సోమవారం. దానికి ఆధారం 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 ప్రమాణం. ఏ రోజుతో మొదలెట్టాలన్న తగువు కంటే, ఏడాది చివర వచ్చే చిక్కును అది విప్పిన తీరు చూడముచ్చటైనది.

52 వారాలంటే 364 రోజులు. ఏడాదికి ఒక రోజు మిగులుతుంది, లీపు ఏడాదైతే రెండు. అందుకే డిసెంబరు చివరి వారం చాలాసార్లు రెండేళ్ల మధ్య చీలుతుంది. దాన్ని ఏ ఏడాది ఖాతాలో వేయాలి? ఎటు ఎక్కువ రోజులుంటే అటు, మొత్తంగా. ఏడు బేసి సంఖ్య, సగం సగం అనే పేచీయే రాదు. సోమవారం నుంచి నాలుగోది గురువారం. అది ఏ ఏడాదిలో పడితే వారమంతా ఆ ఏడాదిదే. రోజులు లెక్కపెట్టే పనే లేదు.

2026నే తీసుకోండి. జనవరి 1 గురువారం. కాబట్టి 2025 డిసెంబరు 29, 30, 31 తేదీలు 2026 మొదటి వారంలో చేరిపోయాయి. అటు చివర డిసెంబరు 31 కూడా గురువారమే. 2027 జనవరి మొదటి మూడు రోజులూ 2026 ఖాతాలోకే వస్తాయి, 53వ వారంగా. ప్రోగ్రామర్లు తడబడేది సరిగ్గా ఇక్కడే: నెల, తేదీ మామూలు క్యాలెండర్‌వి, సంవత్సరం వారాల లెక్కది తీసుకున్నారంటే ఇన్‌వాయిస్ మీద తేదీ ఏడాది ముందుకో వెనక్కో దూకుతుంది.

ఆదివారంతో మొదలెట్టినా ఈ ఏర్పాటు నడుస్తుంది, ఇరుసు బుధవారానికి జరుగుతుందంతే. సోమవారంతో లాభం వేరే: సెలవు రోజులు రెండూ వరస చివర పక్కపక్కనే ఉంటాయి. ఏకాదశి, పాల లెక్క చూసుకునే ఇంటి గోడకు ఆ సదుపాయంతో పనిలేదు. అక్కడ ఎర్ర అంకెల ఆదివారమే ముందుండనివ్వండి.

ఇక ఏటా మిగిలే ఆ రోజుల సంగతి: గ్రెగోరియన్ క్యాలెండర్‌లో 400 ఏళ్లకు 1,46,097 రోజులు. ఏడుతో భాగిస్తే సరిగ్గా 20,871 వారాలు, శేషం సున్నా. వాటిలో 329 ఏళ్లకు 52 వారాలు, 71 ఏళ్లకు 53. ఎక్కడా ఒక్క వారం విరగదు. 2426 జనవరి 1 కూడా గురువారమే.